అమ్మ అంగిలి

ఆదివారం రాత్రి చేగోడీ నములుతుంటే ఒక ముక్క అంగిట్లో గుచ్చుకుంది. ఎక్కడ గీసుకుందో అని నాలుకతో తడుముకుంటూ పోతే, మంట పుట్టిన చోటు దాటాక, అంగిలి నడిమధ్యన గట్టిగా ఏదో తగిలింది. మళ్లీ తడిమాను. చింతపిక్కంత బుడిపె. కదలదు, నొక్కితే లోపలికి పోదు, నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. క్యాన్సర్ గడ్డ మొదట్లో నొప్పి పెట్టదని ఎప్పుడో విన్న మాట సరిగ్గా ఆ క్షణానే గుర్తొచ్చింది.

బాత్‌రూమ్ గడియ పెట్టుకుని, ఫోన్ లైటు వేసుకుని, తల వెనక్కి వాల్చి అద్దంలో చూసుకున్నాను. ముందు పళ్ల వెనక, అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద మిగిలే గీతల్లాంటి ముడతలు. వాటికి ముందు, రెండు పళ్ల సందుకు సరిగ్గా వెనకాల, మెత్తటి చిన్న ఉబ్బు. ఇంకా లోపలికి పోతే నేను తడిమిన గట్టి బుడిపె. వీటిలో పుట్టుకతో ఉన్నదేదో, కొత్తగా వచ్చిందేదో పోల్చుకోలేకపోయాను. అన్నీ కొత్తవే అనిపించాయి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. 20 ఏళ్లకు పైగా జీర్ణవ్యవస్థ పాఠంలో నోటి బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను. పళ్లు, నాలుక, కొండనాలుక, మెత్తని అంగిలి, గట్టి అంగిలి. భాగాలు గుర్తించమని పిల్లలకు మార్కులు వేశాను. నాకు 49 ఏళ్లు వచ్చేదాకా నా నోట్లో ఆ భాగం ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఆ రాత్రి మొదలుకొని 40 రోజులు నేను ఏమేం చేశానో దాచకుండా రాస్తాను. మొదటి వారం పటిక నీళ్లు పుక్కిలించాను. తర్వాత తేనెలో పసుపు రంగరించి వేలితో రాశాను. అదీ పనిచేయలేదని లవంగ నూనెలో దూది ముంచి ఆ బుడిపె మీద పెట్టి, మంట ఓర్చుకుంటూ పది నిమిషాలు కూర్చునేవాణ్ణి. నాలుగు రోజులకు దాని మీది చర్మం తెల్లబడింది. ఆ తెలుపు చూసి జబ్బు ముదిరిందనుకున్నాను. మందుల షాపులో చిగురు వాచిందని అబద్ధం చెప్పి ఐదు రోజుల యాంటీబయాటిక్ కొని మింగాను. ఒక రాత్రి, చీము ఉంటే బయటికొస్తుందని, సూది కాల్చి గుచ్చాను. చీము రాలేదు. నెత్తురొచ్చింది, సూది మొన రాయికి తగిలినట్టు ఆగింది. ఆ ఆగడంలోనే జవాబుంది. జీవశాస్త్రం చెప్పేవాడికి అది అందలేదు.

డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. వెళితే పేరు చెబుతారు, పేరు చెప్పనంత కాలం జబ్బు లేనట్టే అని నా మనసు నాకు నచ్చజెప్పింది. ఇంట్లోనూ చెప్పలేదు. రోజుకు ఎన్నిసార్లు అద్దం ముందు నోరు తెరిచానో లెక్కలేదు. క్లాసులో ఉండగా కూడా నాలుక అక్కడికే వెళ్లేది. కారం మానేశాను, గట్టివి మానేశాను, చివరికి గంజిలోకి దిగాను.

ఆ రోజుల్లోనే అమ్మ కంటి శుక్లం చూపించుకోవడానికి విశాఖలో మా ఇంటికి వచ్చింది. మాది టెక్కలి దగ్గర పల్లె. అమ్మకు 70 దాటాయి. నేను పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే చూసి, "నోట్లో ఏటయింది నాయినా?" అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను. అయినా ఆ మర్నాటి నుంచి నాకు వేరేగా గంజి కాచి, ఉప్పు వేసి, చల్లార్చి ఇచ్చేది. తనూ ఒక గ్లాసు తాగేది. నాకు తోడుగా తాగుతోందనుకున్నాను. ఆ మూడు వారాలు మా ఇంట్లో గంజి తాగినవాళ్లం ఇద్దరం. రెండో మనిషి ఎందుకు తాగుతోందో అడగాలని నాకు తోచలేదు.

41వ రోజున మా ఆవిడ వాష్‌బేసిన్ పక్కన నెత్తుటి దూది చూసి నిలదీసింది. ఆ సాయంత్రమే నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, తొడుగు వేసుకున్న వేలితో బుడిపెను అటూ ఇటూ నొక్కింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇది ఎముక మాస్టారూ" అంది.

అంగిలి ఎముక రెండు పలకలట. తల్లి కడుపులో ఉండగానే రెండు పక్కల నుంచీ వచ్చి నడిమధ్యన అతుక్కుంటాయి. ఆ అతుకు మీద కొందరికి ఎముక కాస్త ఎక్కువగా పెరుగుతుంది. టోరస్ పలటైనస్ అంటారు. ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎంతో నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి, ఏదో ఒకటి గుచ్చుకునేదాకా మనిషికి తెలియదు. దానికి మందు లేదు, అవసరమూ లేదు. కట్టుడు పళ్లు పెట్టడానికి అడ్డమొస్తేనో, మాటకూ తిండికీ ఇబ్బంది పెట్టేంత పెద్దదైతేనో అరగదీస్తారు. ముందు పళ్ల వెనకున్న ఉబ్బు, ముడతలు అందరికీ ఉండేవే. మరి ఆ తెలుపు? లవంగ నూనె పోసి నేను కాల్చుకున్న చర్మం. "ఇంకేమీ రాయకండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి, అదే మానుతుంది" అంది. పది రోజుల్లో మానింది కూడా.

ఊపిరి పీల్చుకుని నేను వరసగా ప్రశ్నలు వేశాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. అంగిట్లో బుడిపెలకు కారణాలు చాలానే ఉన్నాయట. పొగలు కక్కే టీ తాగి కాల్చుకుంటే లేచే పొక్కు వారంలో పోతుంది. లాలాజల గ్రంథి దారి మూసుకుపోతే నీలపు ఛాయతో నీటి బుడగలా లేస్తుంది. పై పన్ను పుచ్చి వేరు దగ్గర చీము పడితే ఆ పన్ను పక్కనే అంగిలి వాస్తుంది, రూట్ కెనాల్ చేయాలి, కుదరకపోతే పన్ను తీయాలి. దానికి పటికా పసుపూ ఏం చేస్తాయి? కట్టుడు పళ్ల సెట్టు రాత్రి కూడా తీయకుండా పడుకునేవాళ్లకు దాని కింద ఎర్రగా కంది, సన్న సన్న బుడిపెలు లేస్తాయి. అది ఎక్కువగా ఫంగస్ పని. ఫంగస్ మందు రాసి, రాత్రిపూట సెట్టు తీసి నీళ్లలో వేస్తే సర్దుకుంటుంది. 2021లో కోవిడ్ తర్వాత షుగరు ఉన్నవాళ్ల అంగిలి నల్లబడిన రోజులు ఆవిడా మర్చిపోలేదు, మేమూ మర్చిపోలేదు. అది గంటల్లో పరుగెత్తాల్సిన జబ్బు.

"నేను భయపడేది వేరే వాటికి" అంది. నడిమధ్యన కాకుండా ఒక పక్కన, నొప్పి లేకుండా, గట్టిగా పెరుగుతూ పోయే గడ్డ. అంగిట్లో చిన్న చిన్న లాలాజల గ్రంథులు వందల కొద్దీ ఉంటాయి, వాటిలో పుట్టే కణితి అలాగే ఉంటుంది. తుడిస్తే పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ. రెండు వారాలు దాటినా మానని పుండు. కారణం లేకుండా కదిలే పై పన్ను. ఇందులో ఏదున్నా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే, కంటితో చూసి తేల్చకూడదు.

చేతులు కడుక్కుంటూ, "మీది ఏ ఊరు మాస్టారూ?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ చేతులు తుడుచుకోవడం ఆపింది.

"ఇంట్లో ఎవరైనా అడ్డపొగ తాగుతారా?"

"మా అమ్మ."

"ఆవిడ అంగిలి ఎప్పుడైనా చూశారా?"

నా నోరు కొన్ని వందల సార్లు చూసుకున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అడ్డపొగ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, నాలుగు దమ్ములు లాగి, దాన్ని తిప్పి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. పెదాలు బిగిస్తారు. గాలి బయటున్న కొస నుంచి చుట్టలోగుండా నిప్పుకు అందుతుంది. నిప్పు నాలుకకు పైన, అంగిలికి కింద మండుతూ ఉంటుంది. మా శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లకు ఇది తరాల అలవాటు. మా అమ్మ వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే, సముద్రపు గాలికి నిప్పు ఆరదు, నాట్లేసే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, చంకలో ఉన్న నీ మీద రవ్వ పడదు అని చెప్పింది. చీకట్లో తను మాట్లాడుతుంటే నోట్లో ఎర్రటి వెలుగు కనిపించి మాయమయ్యేది. అది చూస్తూ నిద్రపోయిన పిల్లవాణ్ణి నేను. సంతలో పొగాకు కొనుక్కొచ్చి ఇచ్చిందీ, చుట్టకు దారం కట్టడంలో కొస పట్టుకున్నదీ నేనే.

ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక, నాకు అది సిగ్గుగా మారింది. అమ్మ మా ఇంటికొస్తే, "వాసనొస్తోంది, మేడ మీదికెళ్లి తాగమ్మా" అనేవాణ్ణి. వియ్యంకులొస్తే ఆ రెండు రోజులు చుట్ట పైకి తీయొద్దని చెప్పేవాణ్ణి. నిప్పు లోపల పెట్టుకుంటే పొగ తక్కువ కనబడుతుంది కాబట్టి, నా మాట కోసం తను ఇంకా ఎక్కువగా లోపలే పెట్టుకుందేమో. ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లలో నేను పట్టించుకున్నది వాసన ఒక్కదాన్నే.

ఇంటికెళ్లేసరికి అమ్మ బాల్కనీలో కూర్చుని ఉంది. ఒకసారి నోరు తెరవమన్నాను. "నానేటి సేసినాను?" అని నవ్వి తెరిచింది. అద్దం ముందు 40 రోజులు వాడిన అదే ఫోన్ లైటు వేశాను.

అంగిలంతా బూడిద కలిసిన తెలుపు. నీళ్లింకిన చెరువు అడుగులా మందంగా, నెర్రెలిచ్చి ఉంది. ఆ తెలుపు నిండా గుండుసూది తలకాయలంత ఉబ్బులు, ఒక్కో దాని నడుమ ఒక్కో ఎర్రటి చుక్క. అవి వేడికి వాచిన లాలాజల గ్రంథుల నోళ్లని తర్వాత తెలిసింది. మామూలుగా చుట్ట తాగేవాళ్లకూ ఇలా వస్తుంది, మానేస్తే వారాల్లో తగ్గుతుంది. అడ్డపొగలో అంగిలికి నిప్పే ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ ధైర్యం చెప్పుకోవడానికి లేదు. ఎడమ పక్కన, పళ్లు ఊడిపోయిన దవడకు దగ్గరగా, రూపాయి బిళ్లంత మేర తెలుపు లేదు. ఎర్రగా ఉంది. అంచు లేచి ఉంది, నడుమ చిన్న గుంట.

"ఎప్పటి నుంచమ్మా?"

"సంకురాత్రి కాడి నుంచి. నీకు సెప్పాను గదరా, అంగిట్లో మండుతంది, పులుసు తినలేకపోతన్నానని."

చెప్పింది. నాకు గుర్తుంది. పండగ మూడో రోజు, నేను బ్యాగు సర్దుకుంటుంటే చెప్పింది. "కారం తగ్గించమ్మా" అని జిప్పు వేసుకున్నాను. ఇప్పుడు శ్రావణం.

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది. స్కాన్‌లో మెడ గ్రంథులకు పాకలేదని తేలింది. ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ని అడిగాను, సంక్రాంతికే తెచ్చి ఉంటే ఏమయ్యేదని. ఆయన నా మొహం చూసి, కాస్త ఆగి, "కోత చిన్నదయ్యేది" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. అమ్మ అంగిలి ఎడమ సగం, దాని పైనున్న ఎముకతో సహా తీసేశారు.

ఆసుపత్రి రాత్రుల్లో ఈ అలవాటు గురించి చదవడం మొదలుపెట్టాను. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో మా శ్రీకాకుళం జిల్లా పల్లెల మీద ఒక వ్యాసం వచ్చింది. డెన్మార్క్ నోటి వైద్య శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థకు చెందిన మెహతా, వాళ్లతో పనిచేసినవాళ్లు ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు చూశారు. వందకు 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. వాళ్ల అంగిళ్ల మీది మచ్చలు, బుడిపెలు, పుళ్లు రకాలుగా విడదీసి రాశారు. 1986లో లాన్సెట్ పత్రికలో ఇంకో వ్యాసం. కేరళ, గుజరాత్ పల్లెలతో పాటు మా జిల్లా పల్లెలూ కలిపి 36 వేల మంది పొగాకు అలవాటున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, మానమని చెప్పి, నోళ్లు చూస్తూ వచ్చిన పని అది. చెబితే మానినవాళ్లున్నారు, మానినచోట మచ్చలు తగ్గాయి. నేను పుట్టకముందు నుంచే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు లైటు పట్టుకుని మా అమ్మలాంటి వాళ్ల నోళ్లలోకి చూశారు. అమ్మ కొడుకుని, జీవశాస్త్రం చదివినవాణ్ణి, నేను చూడలేదు. ఆ 40 రాత్రులు ఫోనులో వెతికింది కూడా నా ఒక్క బుడిపె గురించే. మా ఊరి పేరో, చుట్ట పేరో కొట్టి ఉంటే ఈ వ్యాసాలు ఆనాడే కనిపించేవి.

సిగరెట్ పెట్టెల మీద 2009 నుంచి హెచ్చరిక బొమ్మలు వేస్తున్నారు. వాటి గురించి స్కూల్లో పిల్లల చేత ఏటా ప్రతిజ్ఞ చేయిస్తాను. అమ్మ చుట్టకు పెట్టె లేదు. సంతలో తూకానికి కొన్న ఆకు, ఇంట్లో చుట్టిన చుట్ట, రొంటిలో దోపుకునేది. దాని మీద బొమ్మ వేసేవాళ్లెవరు? చెప్పాల్సినవాణ్ణి నేను.

తీసేసిన అంగిలి స్థానంలో అమ్మకు ఇప్పుడొక ప్లేటు ఉంది. అబ్చురేటర్ అంటారు. గులాబీ రంగు ప్లాస్టిక్, పైన గుబ్బలా ఉబ్బి నోటికీ ముక్కుకీ మధ్య పడ్డ కంతను మూస్తుంది. కుడి పక్కన మిగిలిన పళ్లకు తీగ కొక్కేలతో పట్టుకుంటుంది. అది లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కులో పోతుంది. ఆపరేషన్ నాడు పెట్టింది ఒకటి, గాయం మానుతుంటే సరిచేసి పెట్టింది ఇంకొకటి, కొన్ని నెలలకు కొలత తీసి చేసింది మూడోది. రాత్రి తీసి కడిగి నీళ్లలో వేయాలి. వేడి నీళ్లు తగలకూడదు, వంకర పోతుంది. కడిగే పని నేనే పెట్టుకున్నాను. మెత్తటి బ్రష్‌తో గుబ్బ అంచులు రుద్దుతుంటే పెరుగన్నం మెతుకులు వస్తాయి, ఒక్కోసారి నెత్తుటి చార వస్తుంది. నెత్తురు కనిపిస్తే మర్నాడు ఆసుపత్రికి వెళతాం. మొదటి ఏడాది నెలనెలా చూపించుకోవాలి.

చుట్ట, ముక్క పరీక్ష చేసిన రోజునే మానేసింది. అన్నం తిన్నాక చెయ్యి మాత్రం రొంటికి పోతుంది. వేళ్లు అక్కడ తడిమి, ఏమీ లేక, మెల్లగా వెనక్కి వచ్చి ఒళ్లో పడతాయి. ఆ చెయ్యిని చూడటం నాకు కష్టంగా ఉంటుంది.

దసరా సెలవుల్లో ఊరెళ్లి, అమ్మ ఈడు ఆడవాళ్లను నోళ్లు చూపించమని బతిమాలాను. 11 మంది చూపించారు. ఇద్దరిని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఒకామెకు ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదు కానీ కణాలు మారుతున్నాయన్నారు, చుట్ట మానేసి మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు. మా పెద్దమ్మ నోరు తెరవనంది. "ఇన్నాళ్లూ సూడనోడివి" అని తలుపు వేసుకుంది. మర్నాడూ వెళ్లాను, తీయలేదు. సంక్రాంతికి మళ్లీ వెళతాను.

నిన్న రాత్రి ప్లేటు తీసి నా చేతికిచ్చాక, అమ్మ ఏదో అంది. ప్లేటు లేనప్పటి మాట గాలిలా వస్తుంది, ఇంట్లో నాకు ఒక్కడికే అర్థమవుతుంది. నీ నోట్లో బుడిపె ఎలాగుంది నాయినా, అని అడుగుతోంది. అది ఎముకమ్మా, దానికేం కాదు అన్నాను. ఆ మాట ఇంతకుముందూ చెప్పాను. నమ్మలేదో, మరిచిపోయిందో, తలగడ పక్కనున్న టార్చి తీసుకుని, ఏదీ, తెరు అన్నట్టు నా గడ్డం పట్టుకుంది.

ప్లేటు నీళ్ల గిన్నెలో వేసి, మంచం దగ్గర కింద కూర్చుని నోరు తెరిచాను.